గంటంపావు ప్రయాణం

ఆ పొద్దున మొగిలి అనుకున్నది చిన్న పనే. భార్య సమ్మవ్వ నాగ్‌పూర్‌లో కూతురు సంతోషి ఇంటి నుంచి మొదటిసారి విమానమెక్కి హైదరాబాదులో దిగుతుంది. అక్కడ కొడుకు కిషన్ కారులో ఎక్కించుకుని గోదావరిఖని తీసుకొస్తాడు. ఈలోగా కోడికూర వండించాలి.

"నాలుగు వందల కిలోమీటర్ల పైనే, కాకా. అయినా గంటంపావుల దిగుతది," అన్నాడు పక్కింటి వీరేందర్, ఫోన్‌లో విమానాల దారి చూపించే యాప్ తెరిచి.

నాగ్‌పూర్‌లో పొగమంచుకు విమానం మధ్యాహ్నం దాకా లేవలేదు. సమ్మవ్వ ఫోన్ పొద్దుటి నుంచీ పలకడం లేదు. ఇక్కడ బొగ్గుగని క్వార్టర్ల మీదా మంచు విడవలేదు; బొగ్గుపొడి కలిసి, బూడిదరంగు తిరిగి, వాకిట్లో మనిషిలా నిలబడింది. ఎట్టకేలకు తెర మీద బుల్లి విమానం కదిలింది.

"గిప్పుడు మన పక్క నుంచే పోతంది కాకా!"

మొగిలి తలెత్తాడు. ఆకాశమే కనిపించలేదు. సన్నటి మోత ఒకటి వినిపించి, ఆగిపోయింది.

అదే క్షణాన ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు గడగడలాడాయి. కరెంటు పోయింది. తెర మీద విమానం లేదు.

"ఏమైందిరా?"

"పోయింది కాకా!"

అతను అన్నది నెట్ సంగతి. గోడవతల పోశవ్వ అనుకున్నది విమానం సంగతి. "ఓ సమ్మక్కా!" అని ఆమె ఎత్తుకున్న శోకానికి ఆడవాళ్లంతా వచ్చేశారు. గంటైనా నెట్ రాలేదు, శోకం ఆగలేదు. మొగిలి వాళ్లను కసురుతూ ఉండగానే ఫోన్ మోగింది.

"బాపూ, అందరు దిగిన్రు. అవ్వ లేదే!" అన్నాడు కిషన్. లైను తెగిపోయింది.

మొగిలి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చావింటి ముందు పెట్టినట్టు ఎవరో గేటు పక్కన రెండు కట్టెలు పేర్చి నిప్పు కూడా రాజేశారు.

కాసేపటికి మంచులోంచి ఒక గొంతు వినిపించింది. "ఓ కిషన్ బాపూ! నన్ను ఇడిసిపెట్టి పోతివా!"

అది సమ్మవ్వ గొంతు. వాకిట్లో ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మొగిలి గేటు దాకా వచ్చాడు. నిప్పునూ శోకాలనూ చూసి మొగుడే పోయాడనుకున్న సమ్మవ్వ, ఎదురుగా అతణ్ని చూసి కొయ్యబారింది. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయని ఇద్దరూ కిందికి చూశారు. మోకాళ్ల కింద ఇద్దరికీ మంచే ఉంది.

"నన్ను తీస్కపోనికి వచ్చినవా సమ్మీ?"

"నేనేడికి తీస్కపోత? నువ్వే నన్ను పిలుస్తున్నవ్!"

పోశవ్వ ధైర్యం చేసి చెంబెడు పసుపునీళ్లు సమ్మవ్వ మొహాన కొట్టింది.

"నీ చెయ్యి ఇరగ! సలికి సస్తున్నగదే!"

ఆ తిట్టుతో మొగిలికి నమ్మకం కుదిరింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. అప్పుడు ఏడ్చాడు.

"సంతోషి ఇమానాల గేటు కాడ దింపిపోయింది. మంచు తేలేదాక ఇమానం లేవదన్నరు," అంది సమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "కూసుంటే కూసుంటే గుండెదడ పట్టింది. ఆటో ఎక్కి స్టేషన్‌కు పోయిన. రైలుల వచ్చి రామగుండంల దిగిన. ఫోన్ల చార్జింగ్ లేదు."

"గంటంపావు ప్రయాణానికి గింత భయమేందే?" అన్నాడు మొగిలి, ఇంకా ఆమె చెయ్యి వదలకుండా.

ఆ గంటంపావు విమానమే ఎక్కి ఉంటే, సమ్మవ్వ ఆ వేళకు సొంత ఇల్లు దాటి రెండు వందల కిలోమీటర్లు ముందుకు పోయి, హైదరాబాదులోనే ఉండేది.