నక్కగారి గుండె కొలత

పేరుకు అదొక పెద్ద అడవి. పులులున్నాయి, కొండచిలువలున్నాయి. అయినా ఆ ఏడు అందరి కొంపా ముంచబోయింది మాత్రం ఒక టేకాకు.

వాగు మధ్యలో ఇసుక లంక ఉంది. అక్కడ గింజలు చల్లితే వానలు వెళ్ళేసరికి మూడింతలవుతాయని జంబుకేశం అనే నక్క ఊదరగొట్టాడు. తన గింజల్లో సగం అక్కడే చల్లానని కూడా చెప్పుకున్నాడు.

పంచాయతీ పెద్ద ఏనుగమ్మ ఒక షరతు పెట్టింది. "ఎవరి గింజలైనా తీసుకో నాయనా. ముందు వాళ్ళ గుండె ఎంత నష్టం తట్టుకుంటుందో కొలువు. తట్టుకోలేని వాళ్ళ జోలికి పోకు."

జంబుకేశం మురిసిపోయాడు. కొలిచేది తనే కదా!

ఇప్పచెట్టు కింద ఆఫీసు తెరిచాడు. వచ్చిన వాళ్ళకు ముందు కడుపునిండా పులిసిన ఇప్పపూలు పెట్టేవాడు. వాళ్ళకు కాస్త హుషారెక్కాక టేకాకు ఫారం అందించేవాడు. అందులో ఒకటే ప్రశ్న. మీ గింజల్లో సగం పోతే ఏం చేస్తారు? ఏడుస్తారా, ఓపిక పడతారా, నవ్వుతూ మిగతా సగం కూడా ఇస్తారా?

నమూనా కోసం తన ఫారం తనే నింపి, పంజా ముద్ర వేసి చెట్టుకు తగిలించాడు. జవాబు మూడోదే.

ఎలుగుబంటి బొర్రయ్య ఊగుతూ వచ్చి, "సగమేంటోయ్, నన్ను కూడా తీసుకో!" అని మూడోదానికే గీత కొట్టాడు. కొలిచినందుకు కూలి కింద అతని గింజల్లో మూడో వంతు జంబుకేశం బొరియలోకి చేరింది.

తరవాత ఉడుత చుక్కమ్మ వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. వానల కోసం తొర్రనిండా చారపప్పు దాచుకుంది.

"నాకు భయమండీ. ఇవి పోతే పిల్లలు పస్తులుంటారు."

"కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకేదానివి, నీకు భయమా! ముందు రెండు పూలు తిను తల్లీ."

రెండు తింది. మరో రెండు తింది. "పోతే పోనివ్వండి, నవ్వేస్తాను!" అని కిచకిచలాడింది. జంబుకేశం ఆకు మీద 'పులి గుండె' అని రాసి, తన కూలితో కలిపి సగం పప్పు పట్టుకుపోయాడు.

ఆషాఢంలో వాగు పొంగింది. లంక ఆనవాలు లేకుండా పోయింది. మర్నాడే జంబుకేశం ఆకు పట్టుకుని తొర్ర ముందు నిలబడ్డాడు.

"మిగతా సగం ఇవ్వండి. నవ్వుతూ ఇస్తానని రాశారు."

చుక్కమ్మ పిల్లల్ని తొర్ర లోపలికి తోసింది. వానలో తడుస్తూ ఏనుగమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఇప్పచెట్టు కిందే పంచాయతీ కూర్చుంది.

"రాసిచ్చావా?" అంది ఏనుగమ్మ.

"రాశానమ్మా. పూలు తిని రాశాను. ఇప్పుడు అడగమనండి, ఏడుస్తాననే రాస్తాను." నిజంగానే ఏడ్చేసింది. అంతలో చెట్టుకు వేలాడుతున్న నమూనా కంటబడింది. "అమ్మా, ఈయన కూడా రాశారు కదా! ఈయన సగం కూడా లంకలోనే పోయింది కదా!"

ఏనుగమ్మ తొండంతో ఆ ఆకు అందుకుంది. "ఇది రాసేటప్పుడు నువ్వు కూడా పూలు తిన్నావా జంబుకేశం?"

"నేనా?" అతను తోక ఎగరేశాడు. "ఒక్క పువ్వు ముట్టలేదు. అవి వచ్చిన వాళ్ళకి!"

"అంటే తెలివిలో ఉండి రాసింది నువ్వొక్కడివే. ఇక్కడ చెల్లేదీ నీ ఆకు ఒక్కటే. మీ ఇంటికి పద."

బొరియనిండా కొలత కూలి గుట్టలుగా ఉంది. ఎవరి గింజలు వాళ్ళు ఏరుకున్నారు. చుక్కమ్మ చారపప్పు బుగ్గల నిండా కుక్కుకుని పిల్లల దగ్గరికి పరిగెత్తింది.

"నవ్వుతూ ఇస్తానన్నావు," అని గుర్తు చేశాడు బొర్రయ్య.

జంబుకేశం నవ్వాడు.

"ఆ నవ్వు బాలేదు. మళ్ళీ నవ్వు."

నీతి: ఎదుటివాళ్ళ గుండె కొలవడానికి కూర్చునేటప్పుడు, మనం కూడా నాలుగు పూలు తినడం క్షేమం.