ఘాటు బ్యాండులో మిగిలినవాళ్లు

ఆ శుక్రవారం చైతన్యకృష్ణ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదింటికి డ్రమ్ములు ట్రాలీ ఆటోకెక్కించాలి, పన్నెండుకల్లా గుంటూరు చేరాలి, నాలుగింటికి బ్రాడీపేట హాలులో స్టేజీ ఎక్కాలి. వినుకొండ చుట్టుపక్కల హార్డ్ రాక్ వాయించే బ్యాండు అతనిదొక్కటే. పేరు ‘ఘాటు’. కాలేజీ వేడుకలతో మొదలై, లక్షమంది ఫోన్లలో చూసిన వీడియో దాకా ఎదిగింది. గుంటూరు పోటీకి పిలుపు రావడం మాత్రం ఇదే మొదలు. గెలిచినవాళ్లు తాడేపల్లిలో పెద్ద స్టేజీ మీద వాయిస్తారు. ఆ స్టేజీ మీద గిటారుతో నిలబడాలన్నది తప్ప ముప్ఫై నాలుగేళ్ల చైతన్యకృష్ణకు వేరే కోరిక లేదు.

తొమ్మిదేళ్లలో అతను పదకొండు మందిని బ్యాండులోంచి తీసేశాడు. ఒకణ్ణి ప్రాక్టీసు రోజున పెళ్లిచూపులకు వెళ్లినందుకు, ఒకణ్ణి స్టేజీ మీద నవ్వినందుకు, ఒకణ్ణి చొక్కా ప్యాంటులోకి దోపుకున్నందుకు. దాన్ని అతను క్రమశిక్షణ అనేవాడు. వెళ్లినవాళ్లు వేరే మాట అనేవారు. ఇప్పుడు అతనితో కలిపి నలుగురు మిగిలారు.

ప్రాక్టీసు డ్రమ్మరు వీరాంజనేయులు ఇంటి మిరప గోడౌనులో. కారం దుమ్ము పడకూడదని ముందురోజు సాయంత్రం చైతన్యకృష్ణే డ్రమ్ములను గోతాల్లో పెట్టి, దబ్బనంతో మూతులు కుట్టి, చూడముచ్చటగా ఉంటుందని మిరప బస్తాల వరసలోనే పేర్చాడు. తెల్లవారుతూనే గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తీసుకెళ్లే లారీ వచ్చింది. హమాలీలు గోతం కనపడితే భుజం వంచుతారు, లోపలేముందని అడగరు. కొన్ని తేలిగ్గా ఉన్నాయని సంతోషించారు కూడా. సంగతి తెలియగానే వీరాంజనేయులు బండేసుకొని లారీ వెంట పడ్డాడు. ఆ తొందరలో ఫోన్ మంచం మీదే వదిలేశాడు.

ఎనిమిదింటికి చైతన్యకృష్ణ వచ్చేసరికి గోడౌను ఖాళీ. వాకిట్లో వీరాంజనేయులు నాయనమ్మ వెంకటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“వీరా ఏడి నాయనమ్మా?”

“తెల్లారగానే గుంటూరెళ్లాడయ్యా.”

“మరి డ్రమ్ములేయి?”

“అయ్యీ గుంటూరే ఎళ్లినయ్.”

రెండూ నిజాలే. రెండూ కలిపి చైతన్యకృష్ణ ఒక అబద్ధం తయారు చేసుకున్నాడు. పోటీలో నరసరావుపేట బ్యాండు కూడా ఉంది. వాళ్లకు డ్రమ్మరు కావాలని నెల నుంచి అంటున్నారు.

“అమ్ముడుపోయాడు. తీసేశా వాణ్ణి,” అన్నాడు.

అప్పుడే వచ్చిన పాటగత్తె ఆరాధన గుమ్మంలో ఆగింది. వినుకొండలో మందుల షాపు నడుపుతుంది. మందు అడిగినవాణ్ణి జబ్బేమిటని అడక్కుండా పంపదు.

“కనుక్కోకుండా తీసేయడమేంటి అన్నయ్యా?”

“కనుక్కునేదేముంది? వాడూ లేడు, డ్రమ్ములూ లేవు.”

మాట తేల్చేసినట్టు పక్కనున్న ఖాళీ గోతాన్ని తీసి నేలకేసి కొట్టాడు. సీజనంతా మిరపకాయలు మోసిన గోతం అది. గోడౌను ఎర్రబడింది. ఆరాధన పది నిమిషాలు దగ్గింది. దగ్గు ఆగాక నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఇవాళే పోవాలా గొంతు? వాడి తరఫున కోపం ఇట్టా చూపిస్తన్నావా?”

ఆరాధన అతని వంక ఒకసారి చూసి, బస్టాండు దారి పట్టింది.

“సరే, నువ్వూ లేవు,” అన్నాడు వెనక నుంచి.

జొన్నచేలో చిలకలు తోలే బుల్లయ్య దగ్గరికి పరుగెత్తాడు. ముప్ఫై ఏళ్లుగా బుల్లయ్య నూనె డబ్బా మీద రెండు కర్రలతో వాయిస్తున్నాడు. లయ తప్పిన రోజు చిలకలు వచ్చి వాలేవి, అందుకని తప్పలేదు. ఎడ్ల పందేల్లో మైకు పట్టుకునే కోటేష్‌ను పాటకు తీసుకున్నాడు. అతను అరిస్తే ఎద్దులే కాదు, అవి లాగాల్సిన బండ కూడా కదులుతుందని పేరు.

ఇద్దర్నీ ట్రాలీలో వేసుకొని బయల్దేరాడు. దారిలో బేస్ గిటారు శ్యామ్ సుందర్ ఫోన్ చేశాడు. అతను బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ లెక్చరరు.

“అన్నా, వీరా నాతోనే ఉన్నాడు, డ్రమ్ములూ ఇక్కడే ఉన్నయ్. సంగతేందంటే...”

“నువ్వూ వాళ్లలో కలిశావా? నువ్వూ లేవు పో.” ఫోన్ పెట్టేశాడు.

నరసరావుపేట దాటాక రిహార్సల్ మొదలైంది. కోటేష్ గొంతెత్తాడు. పాట రెండో చరణంలో “గిత్త గిట్ట తన్నింది, రైతు చర్నాకోల ఎత్తాడు” అని కలిపాడు. బుల్లయ్య డబ్బా దానికి సరిగ్గా అందుకుంది. వినడానికి బాగుంది. చైతన్యకృష్ణకు అదే నచ్చలేదు.

“ఎద్దుల్ని ఆపు. ఇది నా పాట.”

“ఎద్దు లేకపోతే నాకు ఊపు రాదు బాబూ.”

“రాకపోతే దిగు.”

కోటేష్ దిగాడు. బుల్లయ్య డబ్బా చంకన పెట్టుకున్నాడు.

“నువ్వెందుకు బాబాయ్?”

“ఆయన అరుపుకి చెయ్యి దానంతటదే ఆడతందయ్యా. నీతో ఉంటే నెప్పి పుడతంది.”

వెనకే వినుకొండ నుంచి గుంటూరు వెళ్లే బస్సు చెయ్యెత్తగానే ఆగింది. ఇద్దరూ ఎక్కారు. కిటికీ పక్క ఆరాధన కూర్చొని ఉంది.

హాలు దగ్గర బల్ల ముందు పోటీకి వచ్చినవాళ్ల పేర్లు చూస్తున్న తేజశ్రీ కాగితం తిరగేసింది. “‘ఘాటు’ వాళ్లు లోపలున్నారండి. ఐదుగురూ సంతకాలు పెట్టారు.”

“నేను లేకుండా ఐదుగురెవరు? వాళ్లందర్నీ పొద్దున్నే తీసేశాను.”

“దేంట్లోంచి అండి?”

తెర పక్క నుంచి వీరాంజనేయులు వచ్చాడు. మోచేతుల దాకా కారం.

“యార్డంతా వెతికామన్నా. సరుకు చూద్దామని గోతంలోకి కత్తి దించి పెద్ద డ్రమ్ము చింపాడొకాయన. అందుకే దాని బదులు బుల్లయ్య బాబాయ్ డబ్బా పెట్టాం. నువ్వు కుట్టిన గోతాలు ఇప్పడానికే గంట పట్టింది.”

‘నువ్వు కుట్టిన గోతాలు’ అనే మాట చైతన్యకృష్ణ చెవిలో పడింది. డ్రమ్ములు ఎవరు ఎక్కించారో, వీరా ఎందుకు వెళ్లాడో, అంతా ఒక్కసారే తెలిసింది. మొహం మాత్రం మారలేదు.

“గొంతు రాక ఆరాధన శ్యామ్ తెచ్చిన గిటారు పట్టింది. నువ్వొస్తే నీ చోటు ఇచ్చేస్తానని రాసి చూపించింది. పొరపాటైందని ఆ అమ్మాయితో ఒక్క మాట అను, చాలు.”

లోపల బుల్లయ్య డబ్బా సరిచూసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చైతన్యకృష్ణ గిటారు పట్టీ సర్దుకున్నాడు. నోరు తెరిచాడు. ఒక్కమాట అనాలి, అంతే.

“ముందు ఆ కోటేష్‌ను తీసెయ్,” అన్నాడు.

వీరాంజనేయులు తెర వెనక్కి వెళ్లిపోయాడు.

తొలి దెబ్బకే డ్రమ్ముల్లోంచి ఎర్రటి దుమ్ము లేచింది. ముందు రెండు వరసలు దగ్గాయి. కావాలనే చేశారనుకొని వెనక వరసలు ఈలలు వేశాయి. కోటేష్ గిత్తను దౌడు తీయించాడు. హాలు లేచి నిలబడింది. పాట అయ్యేసరికి తాడేపల్లికి ఎవరు వెళ్తారో న్యాయనిర్ణేతలు చెప్పాల్సిన పని లేకపోయింది.

చివరి వరసలో చైతన్యకృష్ణ ఒక్కడే కూర్చొని ఉన్నాడు, గిటారును పక్క కుర్చీలో పెట్టుకొని. నిలబడి ఉన్న ఒక పెద్దాయన వంగి చూశాడు.

“మీరేం వాయిస్తారు బాబూ?”

“ఆ బ్యాండు పెట్టింది నేనే.”

పెద్దాయన స్టేజీ మీద ఉన్నవాళ్లను లెక్కపెట్టాడు. తరవాత గిటారు వంక చూశాడు.

“అయితే ఇది తీస్తారా, కాస్త కూర్చుంటాను.”