పచ్చిగోడ మీద జాలి

తాపీమేస్త్రిగారింట్లో ఏడాదిగా రెండు పనులు నిర్విఘ్నంగా సాగాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒకటి, వీధివైపు కొత్త గది. రెండోది, కోడలు బిడ్డకు పాలివ్వడం. మొదటిదాన్ని చూడడానికి జనం వచ్చిపోతున్నారు.

బిడ్డ పాలు మానిన వారానికి కోడలి నడుం వంగనని మొరాయించింది. డాక్టరమ్మ మామగారికి తెలిసిన భాషలోనే చెప్పింది.

"ఎముకంటే బండరాయి కాదు మేస్త్రిగారూ. లోపల చిన్న చిన్న గదులు, గదికో జీవకణం. బిడ్డ తాగినన్నాళ్ళూ అవి తమ గోడలే గీకి, ఆ సున్నం పాలకి పంపాయి. ఇప్పుడు మళ్ళీ పూసుకుంటాయి. అమ్మాయికి గుడ్డూ, పాలూ, మంచి తిండి పెట్టండి. కొన్నాళ్ళు బరువులు మోయించకండి."

మేస్త్రిగారు నలభై ఏళ్ళ అనుభవాన్నంతా కూడదీసుకుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రసంగించారు.

"కోడలి ఎముకల్లో ఉన్నది మన వృత్తివాళ్ళే! గీకుడూ వాళ్ళదే, పూతా వాళ్ళదే. నాగా లేదు, నస లేదు. అలాంటి పనివాళ్ళ మధ్య మనం వేలుపెట్టామో, పని చెడిందన్నమాటే."

"మరి గుడ్డూ, పాలూ అన్నారుగా అత్తయ్యా?" అంది కోడలు.

"సరుకు వాళ్ళే చూసుకుంటారే. ఇన్నాళ్ళూ చూసుకోలేదూ?" అంటూ అత్తగారు ఉన్న ఒక్క గుడ్డూ కొడుకు కంచంలో వేసింది. అతను గోడ కట్టి అలిసిపోయాడు.

పై తీర్మానాన్ని అనుసరించి, మర్నాటి నుంచి కోడలు కొత్త గోడ తడిపే పనికి నియమితురాలైంది. పూటకి ముప్పై బిందెలు. గోడల విషయంలో మేస్త్రిగారు వెన్నలాంటి మనిషి. ఎండ తగలకుండా గోనెసంచులు కప్పారు. పక్కన ఎవర్నీ గట్టిగా తుమ్మనివ్వలేదు.

తొమ్మిదో రోజు, ఇరవయ్యో బిందె దగ్గర కోడలి నడుం పట్టేసింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

మేస్త్రిగారు పరుగున వచ్చారు. "తియ్యి తియ్యి! పచ్చిగోడమ్మా అది! పూత పూశాక మూడు వారాలు తాగినంత పొయ్యాలి, బరువు మోపకూడదు. ఆ మాత్రం జాలి ఉండక్కర్లా?"

"ఉండాలి మామయ్యా" అంది కోడలు, బిందె ఎత్తుకుంటూ.

గోడ బ్రహ్మాండంగా కుదిరింది. మనమంతా వెళ్ళాం. వేళ్ళతో తట్టి, ఉక్కులా ఉందన్నాం. కోడలు తెచ్చిన మంచినీళ్ళు తాగి, ఖాళీ గ్లాసులు నేలమీదే పెట్టి వచ్చేశాం.