నవనగరంలో మ్యాచింగ్ సెంటర్

ఆదివారం దుకాణంలో తాను కూర్చుంటానని, నువ్వు హాయిగా కొడకండ్లలో మీ అన్న ఇంటికి పోయి రమ్మని శ్రీకర్ అన్నప్పుడు తిరుమల అనుమానపడాలి. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అతను దుకాణంలోకి దిగింది రెండు పనుల మీదే. ఒకటి బండి తాళం చెవి కోసం, రెండోది అన్నం ఎప్పుడు పెడతావని అడగడం కోసం. అయినా ఆమె సరేనని బట్టలు సర్దుకుంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు శ్రీకరే అనుమానపడాల్సింది గానీ, పథకం పారిందన్న సంబరంలో అతనికి అంత తీరిక లేదు.

వీళ్ల ఇల్లు తొర్రూరు బస్టాండు వెనక సందులో. కింద తిరుమల నడిపే మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి కలిసే జాకెట్ ముక్క, లంగా, ఫాల్ తీసి ఇస్తుంది. పైన శ్రీకర్ కంప్యూటర్ గది. అతను హైదరాబాదులోని ఒక ఆటల కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాడు. వాళ్ల ఆట పేరు నవనగరం. అదొక ఊరు. ఆడేవాళ్లు అందులో మనుషులై తిరుగుతారు, మైకులో మాట్లాడుకుంటారు. పోలీసు కావచ్చు, దొంగ కావచ్చు, లేదంటే ఏదో ఒక పని చేసుకుంటూ మర్యాదగా బతకవచ్చు. ఆ మర్యాదగల పనులు తయారుచేయడమే శ్రీకర్ ఉద్యోగం.

చిక్కేమిటంటే మర్యాదగా బతకడానికి అక్కడ ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. శ్రీకర్ లారీ పని పెట్టాడు: ఇక్కడ బస్తాలు ఎక్కించు, అక్కడ దింపు, మళ్లీ రా. చేపల పని పెట్టాడు: మీట నొక్కు, ఆగు, మళ్లీ నొక్కు. ఐదు నిమిషాలు ఓపిక పట్టినవాళ్లు ఆరో నిమిషంలో దొంగలైపోయారు. అతని పై అధికారి కీర్తి ఫోన్ చేసి, "ఊరంత దొంగలే అయితే వాళ్లు ఎవరింట్ల పడాలె శ్రీకర్?" అని మెత్తగా అడిగింది. మనిషి తనంతట తానే గంటసేపు వదలకుండా చేసే పని ఒక్కటి సోమవారానికి చూపించమంది. లేకపోతే ఆ బాధ్యత ఇంకొకరికి ఇచ్చి, శ్రీకర్‌ను చెత్తకుండీలు, కరెంటు స్తంభాలు గీసే జట్టులో వేస్తానంది.

లారీ పనిని అతను తిరుమల చేత కూడా ఒకసారి చేయించాడు. ఒక ట్రిప్పు దింపేసి ఆమె మొగుడి వైపు చూసింది.

"ఇగ ఏం చేయాలె?"

"మల్ల గిదే. పదిసార్లు చేస్తే పెద్ద లారీ ఇస్తరు."

"పెద్ద లారీతోని ఏం చేయాలె?"

"గిదే."

"దీనికన్న అంట్లు తోముకున్నది నయం. గిన్నెలన్న మెరుస్తయి," అని ఆమె కిందికి పోయింది.

ఆ మాటకు ఒళ్లు మండి, గుడ్డ కోసి ఇచ్చుడు గూడ ఒక పనేనా, కత్తెరుంటే ఎవరన్న చేస్తరని శ్రీకర్ మెట్ల మీంచే అనేశాడు. అనేశాక కిటికీలోంచి చూస్తే, ఆ కత్తెర దగ్గరే ఆడవాళ్లు గంట, గంటన్నర నిలబడి కబుర్లాడుతున్నారు. ఒక్కరికీ విసుగు రావడం లేదు. అప్పుడు వెలిగింది అతనికి. తనకు కావలసిన పని తన కాళ్ల కిందే ఉంది. కానీ నేర్పమని ఆమెను అడగాలంటే ఇంతకుముందు అన్న మాట అడ్డం వచ్చింది. అందుకే ఈ ఆదివారం పథకం. ఆమె లేనప్పుడు కూర్చుని, కిటుకు పట్టేసి, సోమవారం సొంత ఆలోచనలా చూపించాలని.

తిరుమల బస్సెక్కిందో లేదో, పక్క సందు ఖమర్ బీ వంగపండు రంగు చీరతో వచ్చింది. అరలో వంగపండు రంగు అనదగ్గ తానులు పదకొండున్నాయని శ్రీకర్‌కు ఆ రోజే తెలిసింది. అతను కంగారు పడలేదు. ఫోన్‌లో రంగులు కొలిచే యాప్ ఒకటి దింపుకుని ఉన్నాడు. ట్యూబ్‌లైటు కింద చీరను ఫొటో తీశాడు, తానును ఫొటో తీశాడు, నూటికి తొంభై ఎనిమిది కలిసిందని చూపించి, చర్రున కోసి ఇచ్చాడు.

తర్వాత సాలమ్మ వచ్చింది. తనది మిరపపండు రంగని, అతను తీసింది కుంకుమ రంగని ఆమె అంటే, ఎరుపు ఎరుపేనని శ్రీకర్ వాదించి అదీ కోశాడు. లాలి అనే కొత్త పెళ్లికూతురు ఉల్లిపొర రంగు చీర తెస్తే దానికి గులాబీ రంగు కోశాడు. వెనకే ఇంకో ముగ్గురు. పన్నెండు గంటలకల్లా అరల్లో ఉండాల్సిన తానులన్నీ బల్ల మీద గుట్టపడ్డాయి, ఫోన్ మాత్రం అందరికీ తొంభైకి తక్కువ వేయలేదు.

గుమ్మం దాటి ఎండలోకి వెళ్లగానే ఆరు ముక్కలూ ఆరు వేరే రంగులైపోయాయి. ఆరుగురూ తిరిగొచ్చారు. ఫోన్‌లో లెక్క సరిగ్గానే ఉందని శ్రీకర్ చూపించబోయాడు.

"జాకెట్ నీ ఫోన్ తొడుక్కుంటదా బేటా, నేను తొడుక్కోవాల్నా?" అంది ఖమర్ బీ.

 కోసిన గుడ్డ తానుకు అతుక్కోదు. బల్ల వెనక శ్రీకర్ చెమటలు తుడుచుకుంటుండగా తిరుమల బస్సు దిగి వచ్చింది.

ఆమె సంచి మూల పెట్టి, ఖమర్ బీ చీర తీసుకుని తిన్నగా సందు మధ్యకు, ఎండలోకి నడిచింది. అంచు దగ్గర రెండు పోగులు పీకి చూసింది. నిలువు పోగు నీలం, అడ్డపోగు ఎరుపు. ఆ రెండూ కలిసి వంగపండు రంగుగా కనిపిస్తున్నాయి. ఎక్కడికి కట్టుకుంటున్నవు, పగలా, రాత్రి లైట్లలోనా అని అడిగి, పగలే అనగానే ఎరుపు పోగుకు కలపాలంది. సాలమ్మ చీర రంగు అరలో లేనే లేదు. అందుకని దాని కొంగులో సన్నగా మెరుస్తున్న ఆకుపచ్చను వేలితో చూపించి, దానికి కలిపింది. సాలమ్మ మురిసిపోయింది.

ఆ తర్వాత చేసింది చూసి శ్రీకర్ నోరు తెరిచాడు. అతను తప్పుగా కోసిన ముక్కలను ఆమె ఎండలో వరసగా పరిచింది. సాలమ్మకు కోసిన కుంకుమ ముక్క ఖమర్ బీకి, ఖమర్ బీకి కోసినది లాలి చీర అంచుకు సరిపోయాయి. లాలికి కోసినది వెనక నిలబడ్డామెకు సరిపోయింది. ఒకరి ముక్క ఒకరికి మారుతూ ఆరింటిలో ఐదు ఇళ్లు చేరాయి. మిగిలిన ఒక్క ముక్కనూ పారేయకుండా మడిచి అరలో పెట్టింది, ఒక్క మనిషీ చిన్నబుచ్చుకోలేదు. ఇంత పనిమంతురాలు కింద ఉండగా తొమ్మిదేళ్లుగా మేడ మీద కూర్చుని, ఏనాడూ కిందికి చూడలేదే అని శ్రీకర్ నిజంగా సిగ్గుపడ్డాడు. భార్య మీద అంత గౌరవం కలగడం అతనికి కొత్తగానూ, బాగానూ ఉంది.

అయినా సోమవారం వచ్చేసరికి సిగ్గు కొంచెం తగ్గింది. కంప్యూటర్‌లో కీర్తి కనిపించగానే మ్యాచింగ్ సెంటర్ పని గురించి తన సొంత బుర్రలో పుట్టినట్లే చెప్పుకొచ్చాడు. ఆమె శ్రద్ధగా విని, రంగు దొరకకపోతే ఆట అక్కడ ఆగిపోతదా అని అడిగింది. శ్రీకర్ అరలో ఇంకో వంద రంగులు పెడతానన్నాడు.

"దొరకకపోతేనే పని మొదలైతది మేడం," అంది చాయ్ తెచ్చిన తిరుమల, తలుపు దగ్గర్నుంచి.

ఆవిడెవరు, ఇటు రమ్మను అంది కీర్తి. తిరుమల కుర్చీలో కూర్చుంది, శ్రీకర్ నిలబడ్డాడు. చీరను ఎండలో ఎందుకు చూడాలో, అత్తాకోడళ్లు కలిసి వస్తే ముందు ఎవరి మాట వినాలో, ఏ రంగూ నచ్చని మనిషికి నిజంగా ఏం కావాలో ఆమె చెబుతుంటే కీర్తి అడుగుతూనే ఉంది. చివరికి గడియారం చూసుకుని, గంటా పది నిమిషాలైందని, తనకు తెలియనే లేదని నవ్వింది. తాను అడిగిన పని ఇదేనంది. దీన్ని ఎవరు తయారుచేశారని శ్రీకర్‌ను అడిగింది.

శ్రీకర్ తిరుమల వైపు చూపించాడు. "ఆమెనే మేడం. నాది చూసుడే," అన్నాడు.

అయితే నవనగరంలో దుకాణాల పనులన్నీ ఆమే చెప్పాలని, శ్రీకర్ ఆమె చెప్పినట్లు తయారుచేయాలని కీర్తి తేల్చేసింది. చెత్తకుండీలు తప్పాయి. కొత్తగా ఆడేవాళ్లకు ముందు తేలికైన మెట్టు ఒకటి కావాలని కీర్తి అంటే, తిరుమల ఆలోచించకుండానే చెప్పింది.

"నిన్న నేను పంపిన ఆరుగురి చీరలు, ఈయన కలిపినట్టె పెట్టుండ్రి మేడం. వాటిని సరిచేసుడే మొదటి మెట్టు."

శ్రీకర్‌కు ఒక మాట చెవిలో గుచ్చుకుంది. నువ్వు పంపినవా అని అడిగాడు.

"మీరు కిటికీలకెల్లి చూసుడు నేను చూడలేదా? పని నేర్చుకుందామనుకున్నరు. అల్కటి చీరలొస్తె ఏం నేర్చుకుంటరు? అందుకే పొద్దుగాల్నే అందరిని తోలుకరమ్మని ఖమర్ బీకి చెప్పి పోయిన," అంది తిరుమల.

కీర్తి పైకే నవ్వేసి, మరి ఆ తప్పులను ఎవరితో రాయించాలని అడిగింది. అంత అచ్చంగా ఇంకెవరికీ రావని తిరుమల భరోసా ఇచ్చింది. శ్రీకర్ కుర్చీని ఆమెకే వదిలేసి, మంచం మీద కూర్చుని, వంగపండు చీర దగ్గర్నుంచి తన తప్పులు రాయడం మొదలుపెట్టాడు.