కొట్టాయన పథ్యం

ఇనుప సామాన్ల కొట్టాయన ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నదే. మధ్యాహ్నం భార్య కట్టిచ్చిన డబ్బా తినాలి, ఎదురుగా ఉన్న టీ దుకాణం వైపు చూడకూడదు. షుగరు ఉందని ఈమధ్యే తేలింది. మూడు నెలల తర్వాత చేసే పరీక్షలో తగ్గకపోతే సూదులు మొదలుపెడతానని డాక్టరమ్మ చెప్పింది. రంపాల మధ్య పెరిగిన మనిషే అయినా ఆయనకు సూదంటే వణుకు.

"పరీక్షకు ముందు రెండ్రోజులు కడుపు మాడ్చుకుంటే సరిపోతుంది కదమ్మా?" అని అడిగి చూశాడు.

"సరిపోదండీ. అది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష."

తనిఖీకి వచ్చే అధికారులను ఎందరినో చూశాడు. ముందురోజు కొట్టు సర్దేస్తే చాలు, మెచ్చుకుని వెళ్ళేవారు. కాస్తంత రక్తం మూడు నెలల తిండినంతా ఒప్పజెబుతుందా? తన ఒంట్లో ఇంత నికార్సైన గుమస్తా కూర్చున్నాడని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ భక్తితోనే మధ్యాహ్నం డబ్బా మూత తీశాడు. సగం కూరగాయలు, ఓ పక్క కాస్త అన్నం, ఇంకో పక్క పప్పు, ఉడికించిన గుడ్డు. అప్పుడే పక్క కొట్టు దర్జీ మర మేకు కోసం వచ్చాడు. అతనికీ షుగరే.

"ఏంటన్నా అది? చూడ్డానికే బాగుంది."

సరుకు గురించి ఎవరైనా అడిగితే పొగడకుండా ఊరుకోవడం కొట్టాయనకు అలవాటు లేదు. "డాక్టరు చెప్పిన కొలత. నూనె తక్కువ, పీచు ఎక్కువ. బజారంతా తిరిగినా దొరకదు."

"మా ఇంట్లో ఇలా చేసిపెట్టేవాళ్ళేరి? ఎంతకిస్తావేంటి?"

దర్జీ సరదాకే అన్నాడు. కానీ ధర అడిగాక చెప్పకుండా ఉండటం ఆ నాలుకకు చేతకాదు. చెప్పేసింది. బేరం కుదిరింది. ఖాళీ కడుపుతో మిగిలిన యజమానికి, కొట్లో పనిచేసే, తూకంలో ఎన్నడూ తప్పని అసలు గుమస్తా ఎదురు దుకాణం నుంచి బన్నూ తియ్యటి టీ తెచ్చిపెట్టాడు.

"రేపు రెండు డబ్బాలు కట్టవే. ఒకటి చాలడం లేదు," అన్నాడు సాయంత్రం భార్యతో.

రెండోది తనకే అనుకున్నాడు. తలుపు బందుల కోసం వచ్చిన వడ్రంగి దాన్ని పట్టుకుపోయాడు. వడ్రంగి చెబితే రంగులేసేవాళ్ళు వచ్చారు. రోజూ తనకొకటి దాచుకుందామనే అనుకునేవాడు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు ధర అడిగేవారు.

భార్య ఆశ్చర్యానికి అంతులేదు. "మీ బావగారు బీరకాయ పేరెత్తితేనే కంచం ముందునుంచి లేచిపోయే మనిషా! ఇప్పుడు సంచెడు డబ్బాలు ఊడ్చేస్తున్నారే," అని చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ వింత చూడటానికి వచ్చిన చెల్లెలు కూరగాయలు తరగడానికి ఉండిపోయింది.

పరీక్ష రోజు వచ్చింది. కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పెరిగిందండీ."

"అన్యాయం డాక్టరుగారూ. రోజూ సంచెడు డబ్బాలు తింటున్నారు," అంది భార్య.

"సంచెడా?"

తన కాగితం చూపించడానికి గుమ్మంలో నిలబడ్డ దర్జీ చేతులు జోడించాడు. "అంతా మీ చేతి చలవే వదినా. నాకు బాగా తగ్గింది. వడ్రంగికీ తగ్గిందట. రోజూ అన్న దగ్గరే కొనుక్కుంటున్నాం కదా."

భార్య మొగుడి వైపు తిరిగింది.

"మరి మీరేం తిన్నారు?" అంది భార్య.

"బన్ను."

"రోజూనా?"

"ఆదివారం కొట్టు సెలవు కదే."

డాక్టరమ్మ మాత్ర పెంచి, ఇంకో మూడు నెలలు గడువిచ్చింది. ఈసారి తగ్గకపోతే సూదే.

మర్నాటి నుంచి భార్య కొట్లో కూర్చుంది. డబ్బాల వ్యాపారం ఆమె చేతికి వెళ్ళింది. కొట్టాయన తినే డబ్బా మాత్రం ఆమె మోకాలి పక్కన ఉండేది.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఆయన డబ్బా చేతికిచ్చి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. మిగతావన్నీ అమ్ముడైపోయాయి. మేకుల కోసం వచ్చిన మేస్త్రీ దానివైపు చూశాడు. "రెట్టింపిస్తా. ఇటిచ్చెయ్యండి."

కొట్టాయన నాలుక కదిలింది. అంతలో ఒంట్లో కూర్చున్న గుమస్తా గుర్తొచ్చాడు. మూత తీసి, ముద్ద కలిపాడు.

"ఇది అమ్మేది కాదు."

అది విని, కొట్లో గుమస్తా ఆ పూట మేస్త్రీకి గుప్పెడు మేకులు ఎక్కువ తూశాడు.