కుసుమకుమారి భయాన్ని అప్పగించిన వైనం

రెండో కీమో ఎక్కుతుండగా కుసుమకుమారి భయం ఆమెలోంచి లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో అది మామూలే కనుక నర్సు సెలైన్ స్టాండు కాస్త పక్కకు జరిపి దారిచ్చింది. కుసుమకుమారి కాకినాడ బస్సు కాంప్లెక్సులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగి. రొమ్ములో గడ్డ తీయించుకుని కొన్నాళ్ళే అయింది. భయం అచ్చం ఆమెలాగే ఉంది. జుట్టు మాత్రం రాలలేదు, నడుం దాకా ఉంది.

"మళ్ళీ వస్తుందంటావా?" అని అడిగింది భయం.

కుసుమకుమారి జవాబు చెప్పేలోగా సెక్యూరిటీ అతను వచ్చాడు.

"పేషెంటుకి ఒక్క మనిషేనమ్మా. సారుంటారా, ఈవిడుంటారా?"

ఆమె భర్త వీరభద్రం లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అందుకని భయమే లేవాల్సి వచ్చింది.

దాన్ని కింది అంతస్తులో ఉన్న మనోధైర్య విభాగానికి తీసుకెళ్ళారు. రోగుల మనసు బాగుండాలని ఆసుపత్రి ఎంతో శ్రద్ధగా నడుపుతున్న విభాగం అది. కౌన్సెలర్ మృదులవాణి భయానికి మంచినీళ్ళిచ్చి, లోపలి హాల్లోకి పంపి తలుపు వేసి, పైకి కుసుమకుమారి దగ్గరికి వచ్చింది.

"ఇంక హాయిగా నవ్వుతూ ఉండండి మేడమ్. సగం జబ్బు నవ్వుతోనే పోతుంది" అంది. మిగతా సగం సంగతి డాక్టరు గారిని అడగమంది.

ఇంట్లో అంతా సాఫీగా జరిగిపోయింది. పరామర్శకొచ్చిన ఆడపడుచు, "నిన్ను చూస్తే మాకే ధైర్యమొస్తంది వదినా" అని, తన మోకాళ్ళ నొప్పుల గురించి సాయంత్రం దాకా చెప్పి, ఆ ధైర్యం తీసుకుని వెళ్ళింది. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే.

మూడో కీమో తర్వాత జ్వరమొచ్చింది. జ్వరం తగిలితే వెంటనే రావాలని డాక్టరు చెప్పిన మాట మొగుడూ పెళ్ళాలిద్దరికీ గుర్తుంది. భయం మాత్రం వేయలేదు. ఆమె మాత్ర మింగి టీవీ ముందు కూర్చుంది. ఆయన పప్పు పోపు పెట్టాడు.

"చలేస్తందా?"

"వేస్తందండీ."

"ఫ్యాను తగ్గించనా?"

ఆమె స్పృహ తప్పాక పక్కింటివాళ్ళు ఆటో పిలిచారు. వాళ్ళ భయం ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.

ఐసీయూలో కళ్ళు తెరిచాక డాక్టరు, "ఇంత జ్వరం పెట్టుకుని ఇంట్లో ఎలా కూర్చున్నారమ్మా?" అని అడిగాడు.

"భయమెయ్యలేదండి."

ఆ మాట విని మనోధైర్య విభాగం ఎంతో సంతోషించింది. చావు అంచుదాకా వెళ్ళి కూడా బెదరని రోగి అంతకుముందు దొరకలేదట. ఆమెకు శాలువా కప్పి, ఫొటో తీసి ముందు హాల్లో తగిలించారు. బెదిరినవాళ్ళ ఫొటోలు తగిలించే ఏర్పాటు ఇంకా చేయలేదు.

డిశ్చార్జి రోజున కుసుమకుమారి మృదులవాణిని అడిగింది.

"నా భయం నాకిచ్చెయ్యండి. అదుంటే జ్వరం రాగానే వచ్చేదాన్ని కదండి."

"అది లేకపోతే ఏమవుతుందోనని కంగారుగా ఉందా?"

కుసుమకుమారి నిజాయితీగా వెతుక్కుని చూసుకుంది. "లేదండి" అంది.

"మరింకేం? కంగారు లేనివాళ్ళకి ఇవ్వకూడదు మేడమ్. రూలు. కావాలంటే చూసి వెళ్ళండి."

తలుపు తీసింది. హాలంతా భయాలు, బల్లల మీద ఒత్తుకుని కూర్చుని ఉన్నాయి. కుసుమకుమారి భయం కిటికీ పక్కన ఉంది. దాని చెయ్యి పట్టుకుని వీరభద్రం కూర్చున్నాడు. అసలు వీరభద్రం గుమ్మంలో ఆమె వెనకే నిలబడి తల దించుకున్నాడు. ఆయన తన భయాన్ని బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే తెచ్చి ఇక్కడ వదిలేశాడట.

"నువ్వు లేకపోతే నేనెలా బతకాలే?" అంటోంది ఆయన భయం.

"నాకూ పోవాలని లేదండీ" అంది ఆమె భయం, దాని భుజం మీద తల పెట్టి ఏడుస్తూ.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ దంపతులు అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. గుమ్మంలోని ఇద్దరూ కాసేపు మర్యాదగా చూశారు.

"బానే ఉన్నారు కదా" అన్నాడు వీరభద్రం.

"బానే ఉన్నారండీ."

వాళ్ళ మాటలకు అడ్డం రాకూడదని తలుపు మెల్లగా చేరవేశారు. ఆటోలో ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఎండల గురించి మాట్లాడుకున్నారు.