సర్క్యులరుకు జరిగిన అన్యాయం

అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది?

న్యాయం కోరేవారు ఎవరైనా ముందుగా అడగవలసిన ప్రశ్నలు ఈ రెండే. రెండింటికీ సూటిగా సమాధానం చెప్పి, ఆ తరువాతే వాదనకు దిగుతాను.

అన్యాయం రిజర్వు బ్యాంకు వారి సర్క్యులరుకు జరిగింది. మన జిల్లాలో కూడా శాఖలున్న ఒక వాణిజ్య బ్యాంకు ఆ సర్క్యులరును అందుకుంది, చదివింది, ఫైలు చేసింది, పాటించలేదు. ఖాతా తెరిచే మనిషి ఎవరో తెలుసుకొని మరీ తెరవమని అందులో రాసి ఉంది. బ్యాంకు మాత్రం ఎక్కడో మహానగరాల్లో, ఈ భూమి మీద పుట్టని మనుషుల పేరిట కూడా ఖాతాలు తెరిచి, వారికి చెక్కు పుస్తకాలు ఇచ్చి, కొత్త సంవత్సరం క్యాలెండర్లు కూడా పంపింది.

నేరం బయటపడింది. రిజర్వు బ్యాంకు అయిదు లక్షల రూపాయల జరిమానా విధించింది. బ్యాంకు చెల్లించింది. పత్రికలో నాలుగు వరుసల వార్త వచ్చింది. న్యాయం జరిగిపోయింది!

ఈ జరిమానాలను చూసి పెదవి విరిచేవారు అనంతపురంలో చాలామంది ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. బ్యాంకుల మీద పడే జరిమానా ఈ కాలానికి దక్కిన వరమని నా దృఢాభిప్రాయం. నిరూపిస్తాను, వినండి.

ముందు దాని సౌకుమార్యాన్ని గమనించండి. ఆ బ్యాంకు ఆ ఏడాది లాభం అయిదు వందల కోట్లు. జరిమానా అయిదు లక్షలు. అంటే లాభంలో పదివేలవ వంతు. ఏడాదికి పన్నెండు వేలు సంపాదించే మెట్ట రైతుకు ఇదే నిష్పత్తిలో జరిమానా వేస్తే రూపాయి ఇరవై పైసలు అవుతుంది. గార్లదిన్నె బస్టాండులో దానికి టీ కూడా రాదు. శిక్షించినా నొప్పి తెలియకూడదన్న ఇంతటి కారుణ్యం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

జరిమానా ఎవరి జేబులోంచి వెళ్లిందన్నది కూడా చూడండి. ఆ ఖాతాలు తెరిచిన అధికారి జేబులోంచా? కాదు. ఆయనకు ఆ సంవత్సరం ప్రమోషను వచ్చింది. తెరవమన్న పై అధికారి జేబులోంచా? అపచారం! బ్యాంకు సొమ్ములోంచి వెళ్లింది. బ్యాంకు సొమ్ములో నా పెన్షనూ ఉంది, మీ పొదుపూ ఉంది. నేరం ఒకరు చేస్తే శిక్షను అందరం తలా ఒక పిసరు పంచుకున్నామన్నమాట. సమష్టి బాధ్యత అని సభల్లో మాట్లాడతారే, ఇదే!

ఆ సొమ్ము చేరింది ఎక్కడికి? ఒక బ్యాంకులోంచి బయలుదేరి మరో బ్యాంకుకు చేరింది. దారిలో ఒక్క పేదవాడి చేయి కూడా తగలలేదు. అంత శుభ్రమైన ప్రయాణం!

నాకిది కొత్త కాదు. నేను చదువుకున్న కాన్వెంటులో ఒకరి పలక మరొకరు పగలగొడితే, పగలగొట్టిన పిల్ల దగ్గర నాలుగణాలు వసూలు చేసి, ప్రార్థనా మందిరంలోని హుండీలో వేయించేవారు. పలక పోయిన పిల్ల ఆ సంవత్సరమంతా పక్కపిల్ల పలక మీద ఒక మూల రాసుకునేది. దానివల్ల ఆమెకు ఓర్పు అలవడుతుందని సిస్టరు గారు సెలవిచ్చేవారు.

ఇంత ఉత్తమమైన విధానాన్ని బ్యాంకులకే పరిమితం చేయడం మాత్రం నాకు నచ్చలేదు. అన్ని రంగాలకూ విస్తరించాలి. పామిడిలో ఒకరి ఎద్దు మరొకరి చేనులో పడి మేస్తే, ఎద్దు యజమాని జరిమానాను బొంబాయిలోని రిజర్వు బ్యాంకుకు మనియార్డరు చేయాలి. చేను పోయినవాడికి మనియార్డరు రసీదు నకలు పంపాలి. డాక్టరు ఎడమ కాలికి బదులు కుడి కాలు కోస్తే, డాక్టర్ల సంఘానికి వంద రూపాయలు కట్టాలి. రోగికి ఆ వార్త వచ్చిన పత్రిక ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నడవలేడు కదా, కూర్చుని చదువుకుంటాడు!

సరిగ్గా ఇక్కడే కొందరు లేచి గార్లదిన్నె మండలంలోని నల్లమ్మ మాట ఎత్తుతారు. ఎత్తనివ్వండి. ఆమె కథ నా వాదనకు అడ్డం రాదని నా నమ్మకం.

నల్లమ్మ భర్త పోయాక నాలుగెకరాల మెట్టను ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. 2004 మార్చిలో తన పంట రుణాన్ని వడ్డీతో సహా కట్టేసి, తాకట్టు పెట్టిన పట్టాదారు పాసుపుస్తకం ఇమ్మని అదే బ్యాంకు స్థానిక శాఖలో అడిగింది. వచ్చే వారం రమ్మన్నారు. ఏ సంవత్సరంలో వచ్చే వారమో ఆమె అడగలేదు. అది ఆమె పొరపాటు.

ఆ పుస్తకంతో ఆమెకేం పని? ఏటా జూన్‌లో ప్రభుత్వం సబ్సిడీ మీద వేరుశనగ విత్తనకాయలు ఇస్తుంది. పాసుపుస్తకం చూపినవారికే మూటలు. తొలకరి పడిన తరువాత నేలలో పదును ఆరకముందే విత్తాలి. బయట మార్కెట్లో కొందామంటే, అప్పు కట్టి వచ్చిన మనిషి దగ్గర డబ్బెక్కడిది? పుస్తకం లేకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే ఆ ఏడు చేను బీడు. నల్లమ్మకు కావలసింది అట్ట నలిగిన ఆ ఒక్క పుస్తకం.

మేనేజరు లక్ష్మీపతి గారు దుర్మార్గుడు కాడు. లంచం అడగలేదు, కసురుకోలేదు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. తనిఖీకి వచ్చేవారి ముందు పెట్టడానికి శాఖలో ఒక ముచ్చటైన ఫైలు సిద్ధంగా ఉండాలి. నల్లమ్మ ఫైలు అటువంటిది. పాసుపుస్తకంలో ఫోటో స్పష్టంగా ఉంది, వేలిముద్రలు అలుక్కుపోలేదు, కిస్తీలన్నీ గడువులోపలే ఉన్నాయి. వచ్చిన ప్రతి తనిఖీ అధికారీ ఆ ఫైలును చూసి తల ఊపి వెళ్లేవాడు. అందులోంచి పుస్తకం తీసి ఇచ్చేస్తే ఫైలు పాడైపోదా?

గడువు దాటించి అప్పు కట్టినవారి పుస్తకాలు ఎంత తొందరగా తిరిగి వెళ్లేవో! అవి చూపించుకోవడానికి పనికిరావు కదా.

ఆ విధంగా 2004లో నల్లమ్మ చేను బీడు పడింది. 2005లోనూ బీడే. రెండేళ్లు ఆమె ఇతరుల చేలలో కాయలు ఒలిచి పొట్ట పోసుకుంది. మూడో జూన్‌లో, విత్తనకాయలు అప్పు అడగడానికి పక్క ఊరి రైతు సుబ్బరత్నమ్మ ఇంటి గడప తొక్కింది.

"ఏమ్మే నల్లమ్మా, నీ బుక్కు ఇంగా బ్యాంకులోనే ఉండాదా?" అంది సుబ్బరత్నమ్మ.

"ఆడనే ఉండాదక్కా. నాకంటే దానికే బాగుండాది. ఫ్యాను కింద ఉండాది."

"అప్పు కట్టేసినావు కదమ్మే?"

"కట్టేసి రెండేండ్లు దాటిపాయె. కట్టకుండా ఉండింటే ఈ పాటికి జీపేసుకోని ఇంటికొచ్చిందురు. అప్పుడన్నా అడుగుదును."

సుబ్బరత్నమ్మ రెండు మూటల విత్తనకాయలు ఇచ్చింది. పంట వచ్చాక రెండుకు మూడు మూటలు తిరిగి ఇవ్వాలన్నది ఆ ప్రాంతపు కట్టుబాటు. కాగితం రాసుకోలేదు. నల్లమ్మ విత్తింది. మొలక వచ్చింది. ఆ తరువాత వాన మళ్లీ ఇటు చూడలేదు. కాయ కాదుకదా, ఆవుకు మేతగా వేయడానికి వేరుశనగ కట్టె కూడా చాలినంత రాలేదు. మూడు మూటల బాకీ మాత్రం నిలిచింది.

సరిగ్గా ఆ చలికాలంలోనే మన ఘనమైన జరిమానా పడింది. బ్యాంకు ఉలిక్కిపడింది. పై నుంచి కింది దాకా ప్రతి శాఖకూ తాఖీదులు వెళ్లాయి. ఇకమీదట మనిషెవరో రుజువు కానిదే గుండుసూది కూడా ఇవ్వరాదు! పేదల విషయంలో ఈ నిబంధనలను సడలించవచ్చునని అదే సర్క్యులరులో మరో చోట ఉన్నదట. ఆ పేజీ జిరాక్సులో రాలేదు.

నల్లమ్మ మళ్లీ బ్యాంకుకు వెళ్లింది. లక్ష్మీపతి గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"నువ్వు నల్లమ్మవేనని రుజువు కావాలమ్మా. కొత్త రూలు. మా బ్యాంకుకు జరిమానా పడిందని తెలుసా నీకు?"

"అయ్యో! ఎంత పడింది సార్?"

"ఐదు లక్షలు."

"కట్టేసినారా?"

"వారంలోనే కట్టేసినారమ్మా."

"మంచిపని చేసినారు సార్. కట్టేసినంక, మీ బుక్కు మీకు ఇచ్చినారా?"

లక్ష్మీపతి గారు రేషను కార్డు అడిగారు. కొత్త కార్డు ఇస్తామని పాతది ఆఫీసులో తీసుకున్నారని ఆమె చెప్పింది. ఓటరు కార్డు అడిగారు. ఆమె కొంగు ముడి విప్పి తీసి ఇచ్చింది.

"ఇదేందమ్మా? ఈ ఫోటోలో మీసాలున్నాయే!"

"పేరు నాదే సార్. మొగం మాత్రం ఎవురో ఆయప్పది. ఓటేసేకి పోతే ఏమీ అనరు."

"నీ ఫోటో ఉండే గవర్నమెంటు కాగితం ఇంకేదీ లేదా?"

"ఉండాది సార్."

"యాడుంది?"

"మీ బీరువాలో."

నల్లమ్మ నల్లమ్మేనని చెప్పగల పుస్తకం ఒకటే. ఆ పుస్తకం ఇవ్వాలంటే నల్లమ్మ నల్లమ్మ కావాలి. పుట్టని మనుషులకు కాగితాలన్నీ ఉన్నాయి. పుట్టి, పెరిగి, అప్పు చేసి, వడ్డీతో సహా కట్టిన మనిషికే లేవు! జరిమానా వల్ల బ్యాంకులో క్రమశిక్షణ పెరిగిందా లేదా? మీరే చెప్పండి.

ఆమె నిరాశ పడలేదు. పోలికలు చూసి పోల్చుకునేవారు ఎవరైనా రాకపోతారా అని, వారానికి రెండు రోజులు వచ్చి బ్యాంకు బెంచీ మీద కూర్చునేది. అటెండరు ఓబుళేసు ఆమెకు మంచినీళ్లు ఇచ్చేవాడు. "ఏమక్కా, ఈ దినం అటెండెన్సు వేసేదా?" అని వేళాకోళం ఆడేవాడు.

2007 జూన్ వచ్చింది. తొలకరి బాగా పడింది. విత్తనకాయల పంపిణీకి ఇక మూడు రోజులే గడువు. ఆ రోజే హెడ్ ఆఫీసు నుంచి ఉమాదేవి గారనే తనిఖీ అధికారి వచ్చారు. జరిమానా తరువాతి తనిఖీ కాబట్టి లక్ష్మీపతి గారు చెమటలు తుడుచుకుంటూ తన ముచ్చటైన ఫైలు తీసి ముందు పెట్టారు.

ఉమాదేవి గారు పాసుపుస్తకం తెరిచారు. ఫోటో చూశారు. తలెత్తి, అద్దం అవతల ఉన్న బెంచీ వైపు చూశారు.

"ఈమె ఆ కూర్చున్నావిడే కదండీ?"

"పోలిక ఉంది మేడమ్. కానీ ఇంకా రుజువు కాలేదు."

"ఈమె అప్పు తీరి మూడేళ్లయింది కదా! పుస్తకం ఇక్కడెందుకుంది?"

"భద్రంగా ఉండాలని మేడమ్."

ఆమె లేచి వెళ్లి పుస్తకాన్ని నల్లమ్మ చేతిలో పెట్టారు. నల్లమ్మ దణ్ణం పెట్టడానికి కూడా ఆగలేదు. విత్తనాల క్యూకు పరుగు తీసింది.

ఉమాదేవి గారి నివేదికలో ఏమి రాసి ఉందో విచారించాను. "శాఖలో పత్రాల భద్రత ప్రశంసనీయం. ఒక పత్రం ఖాతాదారుకు స్వయంగా అందజేయడమైనది." పత్రం అందింది కాబట్టి ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేదు కాబట్టి ఉల్లంఘన లేదు. మరి రెండేళ్ల బీడు మాట? ఎండిన ఒక పంట మాట? బాకీ పడిన మూడు మూటల మాట?

నల్లమ్మ సర్క్యులరు కాదు కదా, ఆమెకు అన్యాయం జరిగితే ఎవరైనా జరిమానా వేయడానికి!

ఆ ఏడు వాన నిలిచింది. కాయ నిండింది. కార్తీకంలో నల్లమ్మ ఎద్దులబండి బాడుగకు తీసుకుని, మూడు మూటల కాయలు వేసుకుని సుబ్బరత్నమ్మ కళ్లం దగ్గర దింపింది. బ్యాంకు అయిదు లక్షలు కట్టిన సంగతి పత్రికలో వచ్చింది. పుస్తకం బీరువాలో ఉండిపోయిన పాపానికి నల్లమ్మ మూడు మూటలు కట్టిన సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బ్యాంకు తప్పుకు పూర్తి శిక్ష అనుభవించినవారు ఎవరని రేపు ఎవరైనా అడిగితే, మన దగ్గర పేరైనా ఉండాలి.

సుబ్బరత్నమ్మ కాయలు కొలుచుకుని, మూడో మూట మూతి కుట్టబోయింది. నల్లమ్మ ఆమె చేయి పట్టి ఆపి, బండిలోని గంపలోంచి మరో రెండు చేటల కాయలు తెచ్చి మూటలో పోసింది.

"ఏమ్మే, లెక్క సరిపాయె కదా. ఇదెందుకు?"

"ఇస్తానన్న ఏడు ఈలేకపోతిని కదక్కా. ఏడాది ఆలిస్యమాయె. నష్టపోయింది నువ్వు, ఇంకెవురికి పోసేది?"

చూశారా ఈమె చదువులేనితనం! ఎవరూ విధించని జరిమానా. తన కష్టంలోంచి తీసింది. తీసుకెళ్లి నేరుగా నష్టపోయిన మనిషి మూటలోనే పోసింది! మన ఆర్థిక వ్యవస్థ మొత్తానికీ విరుద్ధమైన ఈ దురలవాటు బ్యాంకులకు ఎక్కడ అంటుకుంటుందోనని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సుబ్బరత్నమ్మ మాత్రం ఏమీ భయపడలేదు. దబ్బనంతో మూట మూతి బిగించి కుట్టి, దారం పంటితో తెంచింది.

"తీరిపాయె పోమ్మే. దా, అన్నం తిందాం" అంది.